బైక్‌కి రెండు కిలోల తోక: అట్ట నమూనా నుంచి గ్లాస్‌ఫైబర్ దాకా నా అనుభవం

మామూలుగా నిటారుగా కూర్చుని నడిపే బైక్, గంటకు 100 కి.మీ. వేగంలో గాలిని తోసుకుంటూ పోవడానికే దాదాపు 6.4 కిలోవాట్లు ఖర్చు పెడుతుంది. అంటే ఎనిమిదిన్నర హార్స్‌పవర్. ముందువైపు వైశాల్యాన్ని డ్రాగ్ గుణకంతో (ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) హెచ్చవేస్తే వచ్చే విలువ 0.5 చదరపు మీటర్లు అనుకుని వేసిన లెక్క ఇది. ఈ శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 80 కి.మీ. దగ్గర అదే బైక్‌కి 3.3 కిలోవాట్లు చాలు. ఈ ఖర్చులో పెద్ద వాటా బైక్ వెనకే పోతుంది. నడిపేవాడి వీపు దాటాక గాలి కలుసుకోలేక సుళ్లు తిరుగుతుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ తక్కువ పీడనం బైక్‌ని వెనక్కి లాగుతుంది. తోక ఫెయిరింగ్ (సీటు వెనక బిగించే, సన్నబడుతూ పోయే తొడుగు) పని ఆ గాలిని మెల్లగా దగ్గరికి చేర్చడం.

ముందే ఒక మాట. తోక తనంతట తాను ఏమీ చేయదు. దాని దాకా గాలి ఒంటికి అంటుకుని వస్తేనే పని చేస్తుంది. భుజాల దగ్గరే విడిపోయిన గాలికి వెనక ఎంత అందమైన తోక పెట్టినా ఉపయోగం లేదు, అది సుళ్లలో మునిగి ఉంటుంది. అందుకే కొలతలు బైక్ మీద కాదు, బైక్ మీద కూర్చున్న మనిషి మీద మొదలుపెట్టాలి.

నడిపేటప్పుడు వేసుకునే జాకెట్, హెల్మెట్‌తో, నడిపే భంగిమలోనే కూర్చుని వెనక నుంచీ పక్క నుంచీ ఫోటోలు తీయించాను. కెమెరా కనీసం 8-10 మీటర్ల దూరంలో ఉండాలి. దగ్గర నుంచి తీస్తే దగ్గరున్నది పెద్దగా పడి కొలతలు తప్పుతాయి. ఫోటోలో ఒక మీటరు కర్ర కూడా నిలబెట్టాను, స్కేలు దాన్నుంచి తీసుకోవడానికి. తుంటి దగ్గర వెడల్పు 400 మి.మీ., సీటు కింది ప్యానెల్ అడుగు నుంచి నడుము బెల్టు దాకా ఎత్తు 360 మి.మీ. వచ్చాయి. తోక మొదలయ్యే చోట అడ్డకోత ఇంతకన్నా చిన్నగా ఉండకూడదు. ఇది తప్పితే తర్వాత చేసే పనంతా వృథా.

కోణాల సంగతి. గాలి ఉపరితలాన్ని వదలకుండా ఎంత వాలు వెంట దిగగలదన్నదానికి హద్దు ఉంది. ఒక్కో వైపు 10-12 డిగ్రీలు సురక్షితం, 15 దాటితే దాదాపు ఖాయంగా విడిపోతుంది. ఆ 12 కూడా ఒక్కసారిగా మొదలవకూడదు. నేను తీసుకున్నది ఇలా: మొదటి 200 మి.మీ.లో 4 డిగ్రీలు, తర్వాతి 200లో 8, చివరి 250లో 12. మూడింటినీ కలుపుతూ ఒకే వంపు. మొత్తం పొడవు 650 మి.మీ. ఒక్కో వైపు 95 మి.మీ. లోపలికి వస్తుంది కాబట్టి చివర వెడల్పు 210 మి.మీ. పైభాగం కూడా అంతే దిగుతుంది. అడుగుభాగం 60 మి.మీ. పైకి లేస్తుంది. చివర ఎత్తు 205.

దీన్ని మొనదేలే దాకా లాగితే ఇంకో అర మీటరు పెరుగుతుంది. ఆ అర మీటరు వల్ల వచ్చే లాభం తక్కువ, బరువూ ఊగుడూ ఎక్కువ. జర్మన్ ఇంజనీరు వూనిబాల్ట్ కామ్ 1930లలో కార్ల మీద చూపించింది ఇదే: తోకని మధ్యలో నిలువుగా కోసేసినా నీటిబొట్టు ఆకారం ఇచ్చే లాభంలో పెద్ద భాగం దక్కుతుంది. పై కొలతలతో కోసిన చోట వైశాల్యం మొదట్లో ఉన్నదానిలో 30 శాతం. కోసిన అంచు మాత్రం పదునుగా ఉండాలి. చూడ్డానికి బాగుంటుందని ఆ అంచుని గుండ్రంగా చేస్తే గాలి ఎక్కడ విడిపోవాలో తేలక ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ విడిపోతూ తోకని ఊపుతుంది.

అట్టతో ముందు

గ్లాస్ క్లాత్ (గాజు పోగుల నేత గుడ్డ) కొనకముందే అట్టపెట్టెల అట్టతో అదే కొలతల్లో ఒక తోక చేసి, 20 మి.మీ. చెక్క పట్టీల చట్రం మీద బిగించాను. కీళ్లన్నీ టేపుతో మూసేశాను. ఆపైన 80 మి.మీ. పొడవు ఊలు దారం ముక్కలు, ప్రతి 100 మి.మీ.కి ఒకటి చొప్పున, ముందు కొస మాత్రం టేపుతో అంటించాను. రాకపోకలు లేని దారి మీద 60 కి.మీ. వేగంలో నేను నడుపుతుంటే పక్కన ఇంకో బండి మీద వెనక కూర్చున్న మనిషి వీడియో తీశాడు. అట్టతో అంతకన్నా వేగం వద్దు, తడి తగిలిన అట్టతో అసలే వద్దు.

దారం వెనక్కి పడుకుని ఉంటే గాలి అంటుకుని ఉన్నట్టు. వణుకుతుంటే విడిపోయే అంచున ఉన్నట్టు. పైకి లేచి ముందుకు తిరిగితే అక్కడ గాలి వెనక్కి పారుతున్నట్టు. నా వీడియోలో పక్కల దారాలన్నీ చక్కగా పడుకున్నాయి. పైభాగంలో మొదటి రెండు వరసలు మాత్రం తిరగబడి నా వీపు వైపు చూస్తున్నాయి. ఎంత వంగి కూర్చున్నా అంతే. కారణం వీపుకీ తోక పై అంచుకీ మధ్య 130 మి.మీ. ఖాళీ. వీపు మీదుగా వచ్చిన గాలి ఆ గుంటలోకి దిగి, సుడి తిరిగి, పైకి లేస్తోంది. తోక ముందు అంచుని 90 మి.మీ. ముందుకు జరిపి, ఆ అంచుకి మెత్తటి ఫోమ్ దిండు పెట్టాను. ఖాళీ 40 మి.మీ.కి తగ్గింది. తర్వాతి వీడియోలో వంగి కూర్చున్నప్పుడు రెండో వరస పడుకుంది, మొదటి వరస వణుకుతూ ఉంది. నిటారుగా కూర్చుంటే మాత్రం పైభాగమంతా మళ్లీ అల్లకల్లోలమే. ముందు విండ్‌స్క్రీన్ లేని బైక్‌లో ఇంతకుమించి ఆశించకూడదు.

ఆ 40ని ఇంకా తగ్గించవద్దు. బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడ్డప్పుడు ఒళ్లు వెనక్కీ ముందుకీ కదలాలి. తోక వీపుకి ఆనుకుని ఉంటే బైక్‌ని అదుపు చేయడమే కష్టం. ఇంకో సంగతి కూడా అట్ట తోకతోనే తెలిసింది: కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం ఇక కుదరదు. ముందు నుంచి కాలు పెట్టి ఎక్కడం అలవాటు చేసుకోవాలి. వెనక కూర్చునే మనిషికి చోటు ఎలాగూ లేదు.

వెనక చక్రం ఖాళీ కూడా ఈ దశలోనే చూడాలి. షాక్ అబ్జార్బర్ పైబోల్టు విప్పి, ఫ్రేమ్ కింద ఆసరా పెట్టి, చక్రాన్ని పూర్తిగా పైకి తీసుకెళ్లి కొలిచాను. తోక అడుగుకీ టైరుకీ మధ్య కనీసం 30 మి.మీ. ఉండాలి. స్టాండు మీద నిలబెట్టి చూస్తే 150 కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. సైలెన్సర్ నుంచి 50 మి.మీ. వదిలాను, అక్కడ లోపలివైపు అల్యూమినియం రేకు కూడా అతికించాను.

ఫోమ్ ప్లగ్

ప్లగ్ (పైన గ్లాస్ పొరలు పరిచే అచ్చు) కోసం 50 మి.మీ. మందం నీలం రంగు ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి పాలిస్టైరీన్ పలక) వాడాను. మామూలు థర్మోకోల్ కూడా కుదురుతుంది కానీ రుద్దుతుంటే పూసలు పూసలుగా ఊడొస్తుంది. పలకలను ఒకదానిమీద ఒకటి అతికించేటప్పుడు జిగురు మధ్యలోనే రాయాలి, అంచుకి 60 మి.మీ. లోపలే ఆపేయాలి. జిగురు ఫోమ్ కన్నా గట్టిగా ఉంటుంది. అది పైకి తేలిన చోట ఎమరీ పేపర్ ఫోమ్‌నే తినేస్తుంది, జిగురు గీత గట్టులా మిగిలిపోతుంది. ఆ గట్లని సరిచేయబోతే పక్కన ఇంకా గుంట పడుతుంది.

ప్రతి 100 మి.మీ.కి ఒక అడ్డకోత ఫర్మాని 3 మి.మీ. ప్లైవుడ్‌లో కోసి, 0.4 మి.మీ. నైక్రోమ్ తీగతో హాట్ వైర్ కోత కోశాను. తీగ ఫోమ్‌లోంచి తనంతట జారుతున్నట్టు ఉండాలి. బలవంతంగా లాగితే మధ్యలో విల్లులా వంగి కోత లోపలికి పోతుంది. పొగ పీల్చవద్దు, తలుపులు తెరిచి చేయండి. ఆ తర్వాత 300 మి.మీ. పొడవు చెక్కకి 80 నంబర్ ఎమరీ అతికించి, పొడవు వెంట కాకుండా ఏటవాలుగా రుద్దాను. చేత్తో పట్టుకున్న ముక్కతో రుద్దితే అలలు వస్తాయి. అవి కంటికి కనిపించవు కానీ కళ్లు మూసుకుని అరచేయి పెట్టి నిమిరితే తెలుస్తాయి. ట్యూబ్‌లైటు వెలుగుని పక్క నుంచి వేసి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తాయి.

పూర్తయిన ప్లగ్ మీద వెడల్పాటి పార్శిల్ టేపు వరసగా, ముడతల్లేకుండా అంటించాను. ఎపాక్సీ (గ్లాస్ క్లాత్‌ని తడిపి గట్టిపరిచే రెసిన్) ఈ టేపుకి అంటదు. పైన ఒక పూత మైనం.

ఇక్కడొక హెచ్చరిక. ఫోమ్ మీద పాలిస్టర్ రెసిన్ వద్దు. అందులోని స్టైరీన్ ఫోమ్‌ని మంచులా కరిగించేస్తుంది. టేపు ఉంది కదా అనుకోవద్దు, ఒక్క సూది రంధ్రం చాలు. ఎపాక్సీయే వాడాలి.

గ్లాస్, రెసిన్

తోక పైతొడుగు వైశాల్యం సుమారు 0.8 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 200 గ్రాముల ట్విల్ గ్లాస్ క్లాత్ రెండు పొరలంటే 320 గ్రాముల గ్లాస్. చేత్తో చేసే పనిలో గ్లాస్ ఎంత బరువో రెసిన్ దాదాపు అంతే పడుతుంది. బ్రష్షులకీ కప్పులకీ అంటుకుని పోయేది కలిపి 450 గ్రాములు సిద్ధం చేసుకున్నాను. ఒకేసారి కలపకూడదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, లోతైన కప్పులో ఆ వేడి బయటికి పోలేక పదినిమిషాల్లో పొగలు కక్కుతూ గడ్డకడుతుంది. 120 గ్రాముల చొప్పున కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి పోసేయడం మంచిది.

హార్డనర్‌ని డబ్బా మీద రాసిన నిష్పత్తిలో, గ్రాముల త్రాసు మీదే తూయాలి. పాలిస్టర్‌తో పనిచేసినవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. అందులో క్యాటలిస్ట్ కాస్త పెంచితే తొందరగా గట్టిపడుతుంది. ఎపాక్సీలో అలా కాదు. రెసిన్, హార్డనర్ ఒకదానితో ఒకటి లెక్క ప్రకారం కలిసిపోవాలి, ఎక్కువైన హార్డనర్ కలవకుండా మిగిలి ఆ భాగం ఎప్పటికీ రబ్బరులా, జిగటగా ఉండిపోతుంది. అలా అయితే గీకి పారేయడమే, వేరే మందు లేదు. కలిపేటప్పుడు కప్పు గోడలూ అడుగూ గీకుతూ రెండు నిమిషాలు కలపాలి.

మొదటి పొర నేత పొడవు వెంట, రెండోది 45 డిగ్రీల వాలుగా వేశాను. అంచులకీ బిగింపు పాయింట్లకీ 80 మి.మీ. వ్యాసంలో మరో మూడు పొరలు, ఒక్కొక్కటి ముందుదానికన్నా 10 మి.మీ. పెద్దది. గ్లాస్ తడిసినప్పుడు తెలుపు పోయి పారదర్శకమవుతుంది, అక్కడే ఆపాలి. మెరుస్తూ రెసిన్ తేలుతుంటే అది బరువే, బలం కాదు. ప్లాస్టిక్ కార్డుతో తేలిగ్గా లాగి ఎక్కువ రెసిన్‌ని తీసేశాను. పైన పీల్ ప్లై గుడ్డ పరిచి ఆరనిచ్చాను. అది మిగిలిన రెసిన్‌ని పీల్చుకుంటుంది, తర్వాత పీకేస్తే గరుకు ఉపరితలం వస్తుంది, మైక్రోబెలూన్ పుట్టీ (సన్నటి బోలు పూసలు కలిపిన తేలిక పుట్టీ) పట్టడానికి అదే కావాలి. పీల్ ప్లై లేకుండా చేస్తే, తేమ ఉన్న రోజుల్లో ఎపాక్సీ పైన మైనంలాంటి పొర తేలుతుంది. దాన్ని రుద్దకముందే నీళ్లతో కడగాలి. కడగకుండా రుద్దితే ఆ మైనం లోపలికి దిగి, పెయింటు పెచ్చులుగా లేస్తుంది.

24 గంటల తర్వాత అడుగు మధ్యగీత వెంట కోసి ప్లగ్ మీద నుంచి తెరిచి తీశాను. చేతిలోకి వచ్చిన డొల్ల 690 గ్రాములు తూగింది, అరచేత్తో నొక్కితే డబ్బారేకులా లోపలికీ బయటికీ టకటకమంది. రెండు పొరల మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి ఇది సహజమే. దీనికి ఇంకో పొర వేయడం తప్పుదారి. లోపల 25 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. ఎత్తు ఫోమ్ పట్టీలు, అడ్డంగా నాలుగు, పొడవునా రెండు అతికించి, వాటిమీద ఒక్క పొర గ్లాస్ కప్పాను. 110 గ్రాములతో ఆ టకటక పోయింది. పట్టీల చివరలను ఏటవాలుగా చెక్కాలి. నిట్టనిలువుగా వదిలితే బిగువంతా ఆ అంచు దగ్గరే పడి పగులు మొదలవుతుంది.

కార్బన్ ఎందుకు వాడలేదంటే, ఇంత పలచటి డొల్లలో బిగువు పదార్థం కన్నా ఆకారం నుంచీ పట్టీల నుంచీ ఎక్కువ వస్తుంది. పైగా కార్బన్ నేరుగా అల్యూమినియానికి తగిలి తడిస్తే అల్యూమినియం తుప్పు పడుతుంది.

గ్లాస్ రుద్దేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చాక అది పోదు.

పెయింటు తెల్లదే వేశాను. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50-60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది. నల్ల రంగు ఎండలో ఆ వేడిని సులువుగా దాటేస్తుంది. నల్ల తోక ఎండలో నిలిపి ఉంచితే పొడవాటి చదును భాగాలు మెల్లగా కుంగుతాయి.

బిగింపు

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నది కూడా చూడాలి. చక్రాల మధ్య దూరం 1400 మి.మీ. ఉన్న బైక్‌లో, వెనక ఇరుసుకి 600 మి.మీ. వెనక 3 కిలోలు వేలాడితే ముందు చక్రం మీద 1.3 కిలోల భారం తగ్గుతుంది. అందుకే మొత్తం 2.5 కిలోలు దాటకూడదని పెట్టుకున్నాను. వచ్చింది 2.1: డొల్ల, పట్టీలు 0.8, పుట్టీ, పెయింటు 0.25, చట్రం 0.4, బ్రాకెట్లు, బోల్టులు 0.3, లైటు, నంబర్ ప్లేట్ 0.35. తోకలో సామాను పెట్టుకునే ఖాళీ ఉంటుంది, కానీ రెయిన్‌కోటు తప్ప ఇంకేమీ పెట్టను.

చట్రానికి 19 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మందం 6061-టి6 అల్యూమినియం గొట్టం 1.8 మీటర్లు పట్టింది, మీటరు 220 గ్రాములు. వెల్డింగ్ చేయించలేదు. టి6 అంటే వేడిచికిత్సతో వచ్చిన గట్టిదనం, అది వెల్డింగ్ వేడికి చాలావరకు పోతుంది, మళ్లీ వేడిచికిత్స చేస్తే తప్ప రాదు. మూలల్లో 3 మి.మీ. ప్లేట్లు పెట్టి బోల్టులతో బిగించాను. ఫ్రేమ్‌కి ఒక్క రంధ్రం కూడా వేయలేదు. వెనక పట్టుకునే హ్యాండిల్ ఉన్న రెండు 8 మి.మీ. బోల్టు రంధ్రాలూ, సబ్‌ఫ్రేమ్ (సీటుని మోసే వెనక చట్రం) చివర ఉన్న మరో రెండూ వాడుకున్నాను. ముందు రెండు పాయింట్లు గట్టిగా, వెనక రెండు రబ్బరు గ్రోమెట్ల మీద, 2 మి.మీ. వదులు రంధ్రాలతో. సబ్‌ఫ్రేమ్ నడుస్తున్నప్పుడు కొద్దిగా మెలిపడుతుంది. నాలుగూ బిగిస్తే ఆ మెలిక గ్లాస్ మీద పడుతుంది. 6 మి.మీ. బోల్టులకి 8 న్యూటన్ మీటర్లు, నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి). గ్లాస్ వైపు 25 మి.మీ. వెడల్పు వాషర్. చిన్న వాషర్ పెడితే బోల్టు గ్లాస్‌ని నమిలేసి బయటికొస్తుంది.

బ్రేక్ లైటు, ఇండికేటర్లు, నంబర్ ప్లేట్ లైటు, రిఫ్లెక్టర్ కోసిన వెనక ముఖం మీదకి మార్చాను. ఎంత ఎత్తులో, ఎంత కోణం నుంచి కనిపించాలన్నది మీ దగ్గరి నిబంధనల్లో చూసుకుని, ఆ కొలతలు ప్లగ్ దశకి ముందే గీసుకోండి. పందేల్లో దిగేవాళ్లు ఆ పోటీ నియమాలు చూసుకోవాలి. ఎఫ్‌ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ పోటీల సంస్థ) 1957 సీజన్ తర్వాత ముందు చక్రాన్ని కూడా కప్పేసే నిండు ఫెయిరింగులను రోడ్ రేసుల నుంచి తీసేసింది, వెనక ఎంత దాకా ఉండొచ్చో ఇప్పటికీ హద్దులున్నాయి.

కొలిచి చూడడం

ట్యాంకు నింపి పెట్రోలు లెక్కేస్తే తేడా తేలదు, దారీ రద్దీ దాన్ని మింగేస్తాయి. క్లచ్ పట్టి బైక్‌ని దొర్లనిచ్చి 90 నుంచి 80 కి.మీ.కి పడడానికి పట్టే సమయాన్ని జీపీఎస్ లాగర్‌తో కొలవడం మేలు. మనిషితో కలిపి 230 కిలోల బైక్‌కి ఇది సుమారు 3.2 సెకన్లు. గాలి నిరోధం 10 శాతం తగ్గితే 3.5 సెకన్లు. తేడా 0.3 సెకన్లే! స్టాప్‌వాచ్ చేతిలో పట్టుకుంటే వేలి ఆలస్యమే అంత ఉంటుంది. పైగా సెకనుకి ఒక్క మీటరు ఎదురుగాలి, అంటే ఆకులు కూడా సరిగ్గా కదలని గాలి, ఆ వేగంలో నిరోధాన్ని 8 శాతం దాకా పెంచేస్తుంది. అందుకని తెల్లవారుజామున, అటు పది, ఇటు పది పరుగులు తీసి సగటు చూడాలి. తోక ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకే రోజు, ఒకే జాకెట్, ఒకే టైరు గాలి. వేరే రోజుతో పోల్చవద్దు, పది డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకే గాలి సాంద్రత 3 శాతం మారుతుంది.

పక్కగాలిని కూడా విడిగా పరీక్షించాలి. ఈ తోక పక్క వైశాల్యం 0.18 చదరపు మీటర్లు. సెకనుకి 10 మీటర్ల పక్కగాలిలో బైక్ నిలిచి ఉంటే దానిమీద పడేది 12 న్యూటన్లే, చేత్తో ఆపొచ్చు. 90 కి.మీ. వేగంలో వెళ్తుంటే మాత్రం రెండు గాలులూ కలిసి పీడనం 60 నుంచి 435 పాస్కల్స్‌కి చేరుతుంది, తోక వాలుగా తగిలిన రెక్కలా పనిచేస్తుంది. వెనక భాగాన్ని గాలి వాలుకి తోసి, బైక్ ముక్కుని గాలి వైపు తిప్పాలని చూస్తుంది. మొదటి వారం 70 దాటకుండా, లారీలని దాటేటప్పుడు హ్యాండిల్ ఎలా స్పందిస్తోందో గమనిస్తూ నడిపాను. హ్యాండిల్ ఊగుడు మొదలైతే తోక తీసేయాలి, వేగం తగ్గించుకుని సర్దుకుపోవడం కాదు.

500 కి.మీ. తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించాను, రెండు కాస్త వదులయ్యాయి. నాణెంతో డొల్లని అంతటా తట్టి చూడండి. గట్టి టకటక బదులు మందంగా, బొద్దుగా శబ్దం వస్తే అక్కడ పొరలు విడిపోయినట్టు. నాకు ఎడమ ముందు బిగింపు పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. 40 మి.మీ. చుట్టూ గరుకు చేసి లోపలి నుంచి రెండు పొరలు వేశాను, ఆ పాయింటు దగ్గర బ్రాకెట్ అంచు గ్లాస్‌కి ఒరుసుకుంటున్న చోట ఆకురాయితో 1 మి.మీ. అరగదీశాను.